జీతం లేని సెలవులో ఉన్న ఫస్ట్ ఆఫీసర్: తిరిగి పిలుపు కోసం ఆగాలా, వేరే సంస్థకు వెళ్లాలా?

కాజీపేట ఎఫ్‌ఓ (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. మాది కాజీపేట. ఒక దేశీయ విమానయాన సంస్థలో ఏ320 విమానాలలో ఫస్ట్ ఆఫీసర్‌గా (కెప్టెన్ పక్కన ఉండే సహ పైలట్‌గా) పని చేస్తున్నాను. లాగ్‌బుక్‌లో మొత్తం 900 గంటలకు కొంచెం పైన ఉన్నాయి. ఇంజన్ల కొరత వల్ల మా విమానాలు కొన్ని ఎగరకుండా నిలిచిపోవడంతో, జూనియర్లలో కొందరిని జీతం లేని సెలవు మీద ఇంటికి పంపారు. ఇచ్చిన ఉత్తరంలో పరిస్థితులు మెరుగుపడిన వెంటనే విధులలోకి తిరిగి పిలుస్తామన్న ఒక్క వాక్యం తప్ప, ఎప్పుడు పిలుస్తారో, ఏ వరుసలో పిలుస్తారో, పిలవకపోతే మా స్థితి ఏమిటో ఎక్కడా లేదు.

మా పెద్దమ్మ కొడుకు అమెరికాలో పైలట్. 2020లో ఆయనకు కూడా ఇలాగే ఉద్యోగం ఆగిపోయింది కానీ, కొన్ని నెలలకే అదే సంస్థ అదే సీనియారిటీ నంబరుతో వెనక్కి పిలిచింది. దానిని చూపించి ఇంట్లో అందరూ "జర ఓపిక పట్టు, నిన్ను గూడ పిలుస్తరు" అంటున్నారు. ఇంతలో మరొక సంస్థ ఏ320 టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) ఉన్నవారిని తీసుకుంటున్నట్టు తెలిసింది. అక్కడ చేరితే సీనియారిటీ జాబితాలో అట్టడుగు నుంచి మొదలుపెట్టాలి, బాండ్ (గడువుకు ముందే మానేస్తే డబ్బు కడతానన్న హామీ పత్రం) కూడా రాసివ్వాలి. శిక్షణ కోసం నాన్న పరకాల దగ్గరి పొలం తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు కనుక, తొందరపడి తప్పటడుగు వేయడానికి ధైర్యం చాలడం లేదు.

మన దేశంలో "తిరిగి పిలుస్తాము" అన్న మాటకు ఎంత విలువ ఉంటుంది? రాబోయే రెండు మూడేళ్లలో నియామకాలు ఎలా ఉండవచ్చు? ఈలోగా లైసెన్సు విషయంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

డల్లాస్‌లో జగిత్యాల వాసి

నేను కూడా ఒకసారి ఫర్లో (పని లేనప్పుడు జీతం లేకుండా ఇంటికి పంపడం) అయి తిరిగి చేరినవాడినే కనుక మీ మొదటి ప్రశ్న వరకు చెప్పగలను. అమెరికాలో ఫర్లో, తిరిగి పిలుపు, రెండూ పైలట్ల సంఘానికీ సంస్థకూ మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం జరుగుతాయి. చివర చేరినవారిని ముందు పంపాలి. తీసుకునేటప్పుడు ఇంటి దగ్గర ఉన్నవారిలో అందరికన్నా సీనియర్‌ను ముందు పిలవాలి. వారందరికీ అవకాశం ఇచ్చిన తరువాతే బయటివారిని తీసుకోవాలి. పిలుపు అందాక జవాబు చెప్పడానికి గడువు ఉంటుంది. చాలా ఒప్పందాలలో ఆ విడతను వదులుకుని, తన కింది వారిని ముందు వెళ్లనిచ్చి, నంబరు మాత్రం నిలబెట్టుకునే వీలు కూడా ఉంటుంది. ఆర్టీసీ డిపోలో గోడకు అంటించిన సీనియారిటీ జాబితాను ఊహించుకుంటే మీకు ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది.

ప్రభుత్వ సహాయ నిధుల గడువు 2020 సెప్టెంబరు 30తో ముగియగానే అమెరికన్ ఎయిర్‌లైన్స్ సుమారు 19,000 మంది ఉద్యోగులను, వారిలో దాదాపు 1,600 మంది పైలట్లను, పక్కన పెట్టింది. డిసెంబరు చివరలో మరో విడత నిధులు మంజూరు కావడంతో వారిని వెనక్కి తీసుకుంది. అదే సమయంలో యునైటెడ్‌లో ఉన్న పనిని పంచుకోవడానికి పైలట్ల సంఘం ఒప్పుకున్నందువల్ల ఒక్క పైలట్‌ను కూడా పంపవలసిన అవసరం రాలేదు. అయితే 2020ని చూసి పిలుపు త్వరగానే వస్తుందని అనుకోవద్దు. 2001 సెప్టెంబరు దాడుల తరువాత ఇంటికి వెళ్లినవారిలో పదేళ్లకు పైగా ఎదురుచూసినవారు ఉన్నారు. వారు పిలుపు కోసం చూస్తుండగానే 2007 డిసెంబరులో పైలట్ల పదవీ విరమణ వయసును 60 నుంచి 65కు పెంచారు. దానితో పైన ఖాళీ కావలసిన కుర్చీలు ఐదేళ్లపాటు ఖాళీ కాలేదు, మరుసటి ఏడాదే ఆర్థిక సంక్షోభం కూడా తోడైంది. ఇటీవల స్పిరిట్ సంస్థ 2024 సెప్టెంబరులోనూ, 2025 జనవరి చివరలోనూ పైలట్లను ఫర్లో చేసింది. ఈ రెంటి నడుమ నవంబరులో అది దివాలా రక్షణ కోరింది. అటువంటి సంస్థలో పిలుపు హక్కు కాగితం మీద ఎంత పక్కాగా ఉన్నా, దాని విలువ ఆ సంస్థ బతికి ఉన్నంత వరకే.

మీ ఉత్తరంలో ఆ కాగితం కూడా లేదు. కాబట్టి మీ అన్నగారి అనుభవాన్ని మీకు అన్వయించుకోవడం సరికాదని నా అభిప్రాయం.

కరీంనగర్ కెప్టెన్

తమ్ముడూ, నేను మూతపడిన ఒక సంస్థలో కొన్నేళ్లు పని చేసి, ఇప్పుడు వేరే చోట కమాండ్ చేస్తున్నాను. జీతం, సీనియారిటీ, అప్పు, ఈ మూడింటినీ కాసేపు పక్కన పెట్టి, మీ నిర్ణయాన్ని గంటలలో కొలవమని నా సలహా. మన దేశంలో ఏటీపీఎల్‌కు (కెప్టెన్ కావడానికి అవసరమైన లైసెన్సుకు) 1,500 గంటలు కావాలి. మీకు ఇంకా సుమారు 600 గంటలు తక్కువ. రోస్టర్ సక్రమంగా నడిచే సంస్థలో ఫస్ట్ ఆఫీసర్ ఏడాదికి 700 గంటల దాకా ఎగరగలడు. అంటే మీరు ఇప్పుడు మరొక చోట చేరి లైన్ ట్రైనింగ్ (ప్రయాణికుల విమానాలలోనే ఇచ్చే శిక్షణ) పూర్తి చేసుకుంటే, ఏడాదికి కొంచెం అటూ ఇటూగా ఆ గీత దాటుతారు. ఇంటి దగ్గర కూర్చుంటే ఆ ఏడాదంతా లాగ్‌బుక్‌లో ఒక్క వరుస కూడా చేరదు. ఏటీపీఎల్ చేతికి వచ్చాక మీ బేరం వేరుగా ఉంటుంది. కొరత ఉన్నది కెప్టెన్లకే కనుక, కెప్టెన్ కావడానికి దగ్గరగా ఉన్న ఫస్ట్ ఆఫీసర్‌ను ఏ సంస్థా తేలికగా వదులుకోదు.

నియామకాల గురించి పత్రికలలో వచ్చేవి ఎక్కువగా ఆర్డర్ల లెక్కలు. ఎయిరిండియా 2023 ఫిబ్రవరిలో 470 విమానాలు, ఇండిగో అదే ఏడాది జూన్‌లో 500 విమానాలు, ఆకాశ 2024 జనవరిలో 150 విమానాలు ఆర్డర్ చేశాయన్నది నిజమే. కానీ ఆర్డర్ చేసిన విమానం పదేళ్ల తరువాత కూడా రావచ్చు, వచ్చినది ఇంజన్ లేక ఆగిపోనూవచ్చు. మీ సంస్థలో జరిగింది అదే కదా. 2023 మే 3న గో ఫస్ట్ విమానాలు ఆగిపోయినప్పుడు కూడా ఆ సంస్థ చూపించిన ప్రధాన కారణం ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్లే.

నేను చూసే లెక్క మరొకటి. ఒక ఏ320 రోజుకు 12 గంటలు ఎగిరితే ఏడాదికి 4,380 గంటలు. కాక్‌పిట్‌లో ఇద్దరు కనుక 8,760 పైలట్ గంటలు. ఒక పైలట్ ఏడాదికి 1,000 గంటలకు మించి ఎగరకూడదన్నది నిబంధన. ఆ పరిమితి అంచు దాకా వాడుకున్నా తొమ్మిది మంది కావాలి. సెలవులు, సిమ్యులేటర్, అనారోగ్యం, స్టాండ్‌బై కలుపుకుంటే పది నుంచి పన్నెండు మంది అవుతారు. ఈ సంఖ్యను పెంచేది కొత్త విమానం ఒక్కటే అనుకోవద్దు, విశ్రాంతి నియమాలు కూడా పెంచుతాయి. డీజీసీఏ (దేశ పౌర విమానయాన నియంత్రణ సంస్థ) కొత్త విధి సమయ నిబంధనలు వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచాయి, రాత్రి ల్యాండింగ్‌లను ఆరు నుంచి రెండుకు తగ్గించాయి. వాటి రెండవ దశ 2025 నవంబరు 1న అమలులోకి వచ్చింది. తగినంత మంది పైలట్లు సిద్ధంగా లేక డిసెంబరు మొదటి వారంలో ఇండిగో వేలాది విమానాలను రద్దు చేసుకోవలసి వచ్చింది, డీజీసీఏ కొన్ని నిబంధనల నుంచి 2026 ఫిబ్రవరి 10 వరకు దానికి మినహాయింపు ఇచ్చింది. మీవంటి వారి అవసరం ఎంత ఉందో ఆ డిసెంబరు వారం చెప్పినంత స్పష్టంగా ఏ ఆర్డర్ ప్రకటనా చెప్పదు.

రెండో వైపు కూడా చూడండి. 2023లో డీజీసీఏ రికార్డు స్థాయిలో 1,622 సీపీఎల్‌లు (కొత్త పైలట్లకు ఇచ్చే కమర్షియల్ లైసెన్సులు) జారీ చేసింది. 200 గంటలతో, టైప్ రేటింగ్ లేకుండా తిరుగుతున్న పిల్లలు హైదరాబాద్‌లోనే ఎంతమంది కనిపిస్తారో మీకు తెలుసు. వారితో పోలిస్తే 900 గంటలున్న మీ ఫైలు ముందుకు వెళుతుంది, అయితే చివరిసారి ఎగిరిన తేదీ పాతబడే కొద్దీ ఆ ఆధిక్యం తగ్గుతూ పోతుంది.

హనుమకొండ న్యాయవాది

కెప్టెన్ గారు చెప్పిన దానికి చట్టం వైపు నుంచి కొంత చేరుస్తాను. చివర వచ్చినవారిని ముందు తొలగించాలనీ, తిరిగి నియమించేటప్పుడు తొలగించినవారికి ప్రాధాన్యం ఇవ్వాలనీ మన 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనే 25-జి, 25-హెచ్ సెక్షన్లు ఉండేవి, ఇప్పుడు ఆ చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల స్మృతి వచ్చింది. అయితే ఆ రక్షణ కార్మికులకు వర్తిస్తుంది. పైలట్ ఆ నిర్వచనంలోకి వస్తాడా అన్న చోటే సంస్థలు వాదన మొదలుపెడతాయి. పైగా మిమ్మల్ని తొలగించలేదు, సెలవులో ఉంచారు. అంటే కాగితం మీద మీరు ఇంకా వారి ఉద్యోగి. జీతం ఇవ్వకుండానే మీ మీద షరతులు నిలుపుకునే స్థితి ఇది.

అందువల్ల రాజీనామా రాయకముందు నియామక పత్రం తీసి మూడు విషయాలు చూడండి: సెలవు కాలంలో మరొక చోట పని చేయవచ్చా, బాండ్‌లో మిగిలిన మొత్తం ఎంత, నోటీసు పీరియడ్ ఎలా రాశారు. 2017 నాటి డీజీసీఏ నిబంధన ఫస్ట్ ఆఫీసర్లకు ఆరు నెలలు, కమాండర్లకు ఏడాది నోటీసు అంటుంది. 2023లో నోటీసు పూర్తి చేయకుండా వెళ్లిపోయిన పైలట్ల మీద ఆకాశ బొంబాయి హైకోర్టుకు వెళ్లింది కూడా. కాబట్టి మీరు చేయవలసింది, "జీతం ఇవ్వని స్థితిలో నోటీసును మాఫీ చేసి ఎన్‌ఓసీ ఇవ్వగలరు" అని ఈమెయిల్‌లో మర్యాదగా అడగడం. రోస్టర్ ఇవ్వలేని సంస్థ అటువంటి కోరికను చాలాసార్లు ఒప్పుకుంటుంది. నోటిమాటగా ఎవరేమి హామీ ఇచ్చినా అదే రోజు ఈమెయిల్‌లో ఖరారు చేసుకోండి.

రావలసిన బకాయిలు ఉంటే వాటి పట్టిక ఇప్పుడే తయారు చేసి ఉంచుకోండి. సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళితే ఉద్యోగులు డి ఫారంలో క్లెయిమ్ వేయాలి. లిక్విడేషన్ (ఆస్తులు అమ్మి సంస్థను మూసివేయడం) దాకా వస్తే, దివాలా చట్టం 53వ సెక్షన్ ప్రకారం కార్మికుల 24 నెలల బకాయిలు తాకట్టు ఉన్న రుణదాతలతో సమానంగా, ఇతర ఉద్యోగుల 12 నెలల బకాయిలు వారి తరువాత వస్తాయి. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగింది. దానిని లిక్విడేట్ చేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది 2024 నవంబరు 7న. ఈ నడుమ ఆ ఉద్యోగులు ఎన్నేళ్లు ఎదురుచూశారో మీరే లెక్క వేసుకోవచ్చు.

కాజీపేట ఎఫ్‌ఓ

అందరికీ కృతజ్ఞతలు. నోటీసు మాఫీ కోరుతూ ఈ రోజే ఈమెయిల్ పంపుతున్నాను. కెప్టెన్ గారూ, ఇంకొక సందేహం. చివరి ల్యాండింగ్ అయి 90 రోజులు దాటిపోయింది, పీపీసీ (పైలట్ నైపుణ్య పరీక్ష) గడువు కూడా దగ్గర పడుతోంది. సొంత డబ్బుతో సిమ్యులేటర్ స్లాట్ కొనుక్కోవడం మంచిదా? మరొకటి, వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయానికి అనుమతి వచ్చింది కనుక ఇక్కడే ఉద్యోగం వస్తుందని మా వాడకట్టులో అందరూ చెబుతున్నారు. దానిని లెక్కలోకి తీసుకోవచ్చా?

కరీంనగర్ కెప్టెన్

మామునూరును మీ లెక్కలోంచి తీసివేయండి. 1981 నుంచి మూతపడి ఉన్న ఆ విమానాశ్రయం, శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు మరొకటి రాకూడదన్న షరతు సడలించిన తరువాత, 2025 ఫిబ్రవరిలో కేంద్ర అనుమతి పొందింది. అది ప్రయాణికులకు మేలు చేస్తుంది. పైలట్‌కు బేస్ (ఏ ఊరి నుంచి పని చేయాలో) కేటాయించేది మాత్రం సంస్థ, దానికి సొంత ఊరితో సంబంధం ఉండదు.

సిమ్యులేటర్ స్లాట్ ఇప్పుడు కొనవద్దు. 90 రోజులలో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌ల రీసెన్సీ (ఈమధ్యే ఎగిరి ఉండాలన్న షరతు) పోయినా, పీపీసీ గడువు తీరినా, కొత్త సంస్థ తన పద్ధతులు నేర్పడానికి మిమ్మల్ని ఎలాగూ సిమ్యులేటర్‌లో కూర్చోబెడుతుంది, అవి అక్కడే తీరిపోతాయి. లైసెన్సు కాలపరిమితిని 2023లో ఐదేళ్ల నుంచి పదేళ్లకు పెంచారు కనుక దాని గురించి కూడా దిగులు లేదు. మీరు సొంతంగా కాపాడుకోవలసింది క్లాస్ వన్ మెడికల్. అది మీ వయసులో ఏడాదికొకసారి, సంస్థతో పని లేకుండా చేయించుకునేదే. దానితోపాటు ఆంగ్ల ప్రావీణ్యం గడువు ఎప్పటి వరకు ఉందో ఒకసారి చూసుకోండి, నాలుగో స్థాయి అయితే మూడేళ్లే ఉంటుంది. ఈజీసీఏలో (డీజీసీఏ ఆన్‌లైన్ వేదికలో) మీ లాగ్‌బుక్ నమోదులు పెండింగ్ ఉంటే, పాత సంస్థలో ధ్రువీకరించే మనుషులు ఉద్యోగాలు మారకముందే పూర్తి చేయించుకోండి. నేను వెళ్లిపోయే నాటికి మా పాత సంస్థ ఆపరేషన్స్ విభాగంలో ఫోన్ ఎత్తేవారే లేరు.

బాండ్ మొత్తం ఎంతో, అది ఏటా తగ్గుతుందా లేక చివరి దాకా అంతే ఉంటుందా కనుక్కుని ఇక్కడ రాయండి. ఏటా తగ్గేదైతే ఎక్కువ ఆలోచించకుండా చేరవచ్చు.