1978 ఫోర్డ్ పికప్ చూశాను, కొనమంటారా?

కొత్త సభ్యుడు, ఒహాయో

అందరికీ నమస్కారం. అమెరికా వచ్చి ఏడు నెలలైంది. రోడ్ల మీద డెబ్భైల నాటి పికప్ ట్రక్కులు చూసి మనసు పారేసుకున్నాను. ఒకటి కొని, వారాంతాల్లో కూర్చుని నేనే బాగు చేసుకోవాలని ఆశ. 1978 ఫోర్డ్ ఎఫ్-150 ఫోర్ వీల్ డ్రైవ్ ఒకటి దొరికింది. తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది. రంగు కొత్తగా వేశారు, అద్దంలా ఉంది. టైటిల్ (బండి ఎవరిదో చెప్పే యాజమాన్య పత్రం) ఇంట్లో ఎక్కడో ఉందట, వెతికి తర్వాత పంపిస్తానంటున్నాడు. వేరేవాళ్ళు కూడా అడుగుతున్నారని, రేపే అడ్వాన్స్ ఇమ్మని తొందర పెడుతున్నాడు. ఇచ్చేయనా?

మిషిగన్ నుంచి

తమ్ముడూ, రేపు ఇవ్వకు. టైటిల్ కంటితో చూసేదాకా ఎప్పుడూ ఇవ్వకు. మీ ఒహాయోలో అమ్మేవాడు టైటిల్ మీద నోటరీ ముందు సంతకం పెట్టాలి. "తర్వాత పంపిస్తా" అన్న మాటతో బండి నీ పేరు మీదికి రాదు. టైటిల్ మీద ఉన్న పేరు, అమ్మేవాడి లైసెన్సు మీద ఉన్న పేరు ఒకటేనా చూడు. బ్యాంకు అప్పు ఏమైనా రాసి ఉందా చూడు.

ఇంకో సంగతి. ప్రతి బండికీ విడిగా ఇచ్చే గుర్తింపు నంబరును విన్ అంటారు. 17 అక్షరాల విన్ నంబరు 1981 మోడళ్ళ నుంచే వచ్చింది. నువ్వు చూసిన బండి నంబరు 11 అక్షరాలే ఉంటుంది, కాబట్టి ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి తెప్పించుకునే హిస్టరీ రిపోర్టులు దీనికి పనికిరావు. నీ కళ్ళే రిపోర్టు. డ్రైవర్ తలుపు దగ్గర పలక మీద ఆ నంబరు ఉంటుంది, ఫ్రేమ్ కుడి పట్టీ మీద ముందు భాగంలో కూడా గుద్ది ఉంటుంది. తీగ బ్రష్షుతో మట్టి గీకి చదువు. టైటిల్, తలుపు, ఫ్రేమ్ మూడింటి మీదా ఒకటే ఉండాలి. ఎఫ్-150లో నంబరు ఎఫ్14తో మొదలైతే ఫ్యాక్టరీ నుంచే ఫోర్ వీల్ డ్రైవ్. ఎఫ్15 అయితే కాదు.

ఇక ఆ కొత్త రంగు. నాకు భయం వేసేది దానికే. మన రాష్ట్రాల్లో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఈ బండికి దగ్గర దగ్గర యాభై ఏళ్ళు. ఇక్కడే పెరిగి తుప్పు లేదంటే, ఎవరో దాచారనే అర్థం. చిన్న అయస్కాంతానికి గుడ్డ చుట్టి తీసుకెళ్ళు. క్యాబిన్ వెనక మూలలు, తలుపుల కింద పట్టీ, వెనక చక్రాల పైన వంపు, ఈ చోట్ల పెట్టి చూడు. పట్టుకోకపోతే అక్కడ ఉన్నది రేకు కాదు, లప్పం. లోపల కార్పెట్ ఎత్తి నేల చూడు. తర్వాత కిందికి దూరి క్యాబిన్ ఫ్రేమ్ మీద కూర్చునే మౌంట్లనూ, కమాను కట్టలు తగిలించే చోట్లనూ స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడువు. పెచ్చులు రాలితే లేచి చేతులు దులుపుకుని ఇంటికి రా. అమ్మేవాడు పొడవనివ్వకపోయినా అంతే.

ఇదంతా నాకు ముందే తెలిసిందేం కాదు. నా మొదటి బండి స్క్వేర్ బాడీ అని పిలిచే పెట్టె ఆకారపు షెవర్లే పికప్. నేనూ రంగు చూసే కొన్నాను. ఇంటికి తెచ్చి గీకితే లప్పం కింద రేకు డబ్బా కోసి రివెట్లు కొట్టి ఉంది. పైగా స్టీరింగ్ బాక్స్ దగ్గర ఫ్రేమ్ చీలింది. 1973 నుంచి 1987 దాకా వచ్చిన ఆ షెవర్లేలకు అది తెలిసిన జబ్బే, నాకు తెలియదంతే. వెల్డింగుకే పద్నాలుగు నెలలు పట్టింది. మా ఆవిడ ఇప్పటికీ దాన్ని "నా సవతి" అంటుంది.

ఇంజన్ గురించి అంత టెన్షన్ పడకు. ఫోర్డ్ వాళ్ళ 300 ఆరు సిలిండర్ల ఇంజన్ 1965 నుంచి 1996 దాకా వచ్చింది, సామాను ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది. చెడిన ఇంజన్ మార్చుకోవచ్చు. పుచ్చిన క్యాబిన్ మార్చడమంటే ఇంకో ట్రక్కు కొన్నట్టే.

అరిజోనా నుంచి

అన్నయ్య చెప్పింది నిజమే, కానీ ఇది చదివి అందరూ మా ఎడారి వైపు పరుగెత్తొద్దు. ఇక్కడ తుప్పు తక్కువే, ఆ సంగతి అమ్మేవాళ్ళకీ తెలుసు, ధరలో కలిపే చెప్తారు. మంచు రాష్ట్రాల నుంచి తెచ్చి "అరిజోనా ట్రక్కు" అని అమ్మేవాళ్ళూ ఉన్నారు. నాకొకటి అలాగే తగిలింది. పైన అంతా ఎండకు వెలిసిపోయి ఉంది, కింద బ్రేక్ పైపులు మాత్రం తుప్పుతో ఉబ్బి ఉన్నాయి. మా ఎండ తినేది డ్యాష్‌బోర్డు, సీట్లు, రబ్బర్లు. అవన్నీ పోస్టులో తెప్పించుకోవచ్చు.

ఫోర్ వీల్ డ్రైవ్ పనిచేస్తుందో లేదో ఎలా చూడాలో ఎవరూ చెప్పలేదు. ముందు చక్రాల హబ్బులు చేత్తో లాక్ చేసి, మట్టి నేల మీద నెమ్మదిగా నడిపి చూడండి. ఎండిన తారు రోడ్డు మీద మాత్రం వద్దు. మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకే వేగంతో తిరగవు. చక్రం జారే వీల్లేకపోతే ఆ బిగింపంతా యాక్సిళ్ళ మీద పడుతుంది. ముందు, వెనక యాక్సిళ్ళ గేర్ రేషియో కూడా ఒకటే ఉండాలి. ఎవరైనా ఒక పక్కదే మార్చి ఉంటే ఫోర్ వీల్ వేసిన ప్రతిసారీ ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజన్ శక్తిని ముందు, వెనక యాక్సిళ్ళకు పంచే పెట్టె) నలిగిపోతుంది.

ఆ ట్రాన్స్‌ఫర్ కేసు లీవర్ మీద అక్షరాలు కూడా చదవండి. "లాక్" అన్న గుర్తులుంటే అది ఎన్‌పీ 203 అనే మోడల్, ఎప్పుడూ నాలుగు చక్రాలకూ శక్తి పంపే రకం, లోపల చైన్ ఉంటుంది. ఎన్‌పీ 205 అయితే అంతా గేర్లే, ఇనప గుండు. నేనైతే 205 ఉన్నదే వెతుక్కుంటాను.

కొత్త సభ్యుడు, ఒహాయో

అన్నా, అక్కా, చాలా థాంక్స్. నిజానికి నాకు డాడ్జ్ పవర్ వ్యాగన్ అంటే పిచ్చి. దానితో మొదలుపెట్టొచ్చా? ఉండేది అపార్ట్‌మెంట్‌లో, కింద పార్కింగ్ ఉంది.

మిషిగన్ నుంచి

పవర్ వ్యాగన్ అందమైనదే. యుద్ధంలో వాడిన ట్రక్కు నుంచి పుట్టి 1946లో మామూలు జనానికి వచ్చింది, ఇక్కడ 1968 దాకా అమ్మారు. కానీ చాలా నెమ్మదిగా వెళ్తుంది, హైవే మీద నీ వెనక హారన్ల జాతర జరుగుతుంది. మొదటి బండిగా వద్దు. చిన్నది కావాలంటే 1985 దాకా వచ్చిన టొయోటా ఫోర్ వీల్ పికప్ చూడు, ముందు యాక్సిల్ రెండు చక్రాలనూ కలిపే ఒకే దిట్టమైన ముక్క. వెనక తొట్టి, ఫ్రేమ్ తుప్పు వాటికీ తప్పదు.

అపార్ట్‌మెంట్ పార్కింగ్ మాట మర్చిపో. ముందు నీ లీజు కాగితం తీసి చదువు. నడవని బండి పెట్టకూడదనీ, రిపేర్లు చేయకూడదనీ చాలావాటిలో రాసి ఉంటుంది. చక్రాలు ఊడదీసి పెడితే టోయింగ్ వాళ్ళు ఎత్తుకుపోతారు. ముందు గ్యారేజీ అద్దెకు చూసుకుని, తర్వాతే బండి వెతుకు. ఇన్సూరెన్సు "అగ్రీడ్ వాల్యూ" రకం, అంటే బండి విలువ ముందే ఒప్పుకుని రాసుకునేది, తీసుకో. లేకపోతే ప్రమాదం జరిగిన రోజు నీ కష్టమంతా పాత ఇనుము లెక్కలో కడతారు.

అరిజోనా నుంచి

పాత బ్రేక్ డ్రమ్ములు విప్పాక ఆ దుమ్మును గాలి కొట్టి ఊదకండి, ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడి గుడ్డతో తుడవండి. పాత రంగులో సీసం ఉండొచ్చు, గీకేటప్పుడు సరైన మాస్క్ పెట్టుకోండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ బట్టలతో లోపలికి వెళ్ళొద్దు.

కొత్త సభ్యుడు, ఒహాయో

నిన్న సాయంత్రం మళ్ళీ వెళ్ళాను. అయస్కాంతం మూలల దగ్గర అసలు నిలబడలేదు. తలుపు పలక మీద నంబరు ఎఫ్15తో మొదలైంది. కిందేమో ఫోర్ వీల్ డ్రైవ్ బండికుండే ముందు యాక్సిల్ ఉంది, అదీ తిరుగుతోంది. "ఎవరో మార్చి ఉంటారు, ఇక్కడ అందరూ మారుస్తారు" అన్నాడు. ఫ్రేమ్ మీద నంబరు ఉండాల్సిన చోట గ్రైండర్‌తో రుద్దినట్టు తళతళలాడుతోంది. ధర మాత్రం సగానికి తగ్గిస్తానంటున్నాడు.

మిషిగన్ నుంచి

యాక్సిల్ మార్చడం తప్పు కాదు, చాలామంది మారుస్తారు. ఫోర్ వీల్ ఫ్రేమ్ మీద వేరే ట్రక్కు క్యాబిన్ ఎక్కించి ఉంటారు, అది కూడా వింత కాదు. కానీ నంబరు రుద్దిన ఫ్రేమ్ దొంగ బండిది కావచ్చు. అదే నిజమైతే నువ్వు ఎంత కట్టినా, ఎంత బాగు చేసినా పోలీసులు పట్టుకుపోతారు. ఉచితంగా ఇచ్చినా వద్దు. శనివారం ఖాళీగా ఉంటే ఫోన్ చెయ్యి, నా అయస్కాంతం తీసుకుని నేనే వస్తాను, ఇంకొకటి చూద్దాం.