క్లాస్-1 కాంట్రాక్టర్ అసెంబ్లీకి నిలబడాలంటే చేతిలో ఉన్న పనుల సంగతేమిటి?

గట్టుగాలి:
మా నియోజకవర్గంలో ఒకాయన ఉన్నారు. చదివింది సివిల్ ఇంజినీరింగ్, చేసేది కాంట్రాక్టులు, ఈసారి అసెంబ్లీకి పోటీ చేయాలనుకుంటున్నారు. ఆయన సొంత పేరు మీద ఇప్పుడున్నవి ఇవి: చెరువు కట్ట మరమ్మతు సగంలో ఉంది, స్కూలు భవనం పూర్తయింది గానీ ఫైనల్ బిల్లు రాలేదు, ఓ గ్రామీణ రోడ్డు వేయడం అయిపోయింది, ఐదేళ్ల నిర్వహణ నడుస్తోంది, జాతీయ రహదారి మీద ఓ ప్రైవేటు కంపెనీ దగ్గర సబ్ కాంట్రాక్టు. ఇవి కాక భార్య పేరు మీద ఇంకో ఫర్మ్ ఉంది. సగంలో ఉన్న పనిని బావమరిదికి అప్పగిస్తే సరిపోతుందని ఊళ్లో చెబుతున్నారు. బిల్లు బాకీ ఉంటే నామినేషన్ పోతుందని ఇంకొందరు భయపెడుతున్నారు. ఏది నిజం?

నిబంధన9ఎ:
ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లో సెక్షన్ 9ఎ తీసి చదవండి, చాలా చిన్నది. ప్రభుత్వానికి సరుకు సరఫరా చేయడానికో, ప్రభుత్వం చేపట్టిన పని చేసిపెట్టడానికో ఆ వ్యక్తి తన వ్యాపారంలో భాగంగా చేసుకున్న ఒప్పందం అమల్లో ఉన్నంతకాలం ఆయన అనర్హుడు. అసెంబ్లీకైనా కౌన్సిల్‌కైనా రాష్ట్ర ప్రభుత్వ ఒప్పందాలే అడ్డు. లోక్‌సభకు, రాజ్యసభకు కేంద్ర ప్రభుత్వ ఒప్పందాలు అడ్డు. రాష్ట్రం పనులు చేతిలో పెట్టుకుని ఎంపీగా పోటీ చేసేవాళ్లు కనబడేది అందుకే.

స్కూలు భవనం విషయంలో భయం అక్కర్లేదు. ఆ సెక్షన్ కిందే వివరణ ఉంది: కాంట్రాక్టర్ తన వంతు పని పూర్తిగా చేసేశాక ప్రభుత్వం డబ్బు ఇవ్వలేదన్న ఒక్క కారణంతో ఒప్పందం ఇంకా నడుస్తున్నట్టు లెక్కించరు. బిల్లు ఎన్నేళ్లు పెండింగ్‌లో ఉన్నా అది అనర్హత కాదు. అయితే ‘పూర్తిగా’ చేశారని కాగితం చూపించాలి.

సబ్ కాంట్రాక్టులో ఆయన ఒప్పందం ప్రైవేటు కంపెనీతో, ప్రభుత్వంతో కాదు. అది 9ఎ కిందకు రాదు. భార్య ఫర్మ్ ఆమె ఒక్కరిదే అయి, ఈయన అందులో భాగస్వామి కాకపోతే ఇబ్బంది లేదు. భాగస్వామి అయితే ఫర్మ్ చేసిన ఒప్పందం ఆయన చేసినట్టే.

బావమరిది మాట మాత్రం పనికిరాదు. అగ్రిమెంటు మీద సంతకం ఈయనదైతే చోటు మీద పని ఎవరు చేయించినా ప్రభుత్వం దృష్టిలో కాంట్రాక్టర్ ఈయనే. జీపీఏ (తన తరఫున వ్యవహరించే అధికారమిచ్చే పత్రం) రాసిచ్చినా అంతే.

ఎంబుక్:
పై సమాధానం సరైనదే. కాగితాల వైపు నుంచి చెబుతాను, ఎందుకంటే అభ్యర్థులు దెబ్బతినేది ఎక్కువగా అక్కడే.

ముందు ప్రతి అగ్రిమెంటు మొదటి పేజీ చూడండి. ‘గవర్నర్ తరఫున’ అని రాసి ఈఈయో (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) ఎస్ఈయో (సూపరింటెండింగ్ ఇంజినీరు) సంతకం చేసి ఉంటే అది రాష్ట్ర ప్రభుత్వ ఒప్పందం, సందేహమే లేదు. కార్పొరేషన్, సొసైటీ లాంటి సంస్థ పేరు ఉంటే అది ప్రభుత్వం కిందికి వస్తుందా రాదా అన్నది వేరే వాదన. దాన్ని లాయరుకు చూపించాలి.

స్కూలు భవనానికి కావాల్సినవి: ఎం-బుక్‌లో (పని కొలతలు రాసే పుస్తకం) చివరి కొలతలు, వాటిని డీఈఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) సరిచూసిన చెక్ మెజర్‌మెంట్, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు, పని పూర్తయిన తేదీతో కంప్లీషన్ సర్టిఫికెట్. బిల్లు పాస్ కాకపోయినా ఇవి ఉండాలి. చివరి కొలతలు రికార్డు చేయించకుండా, తాళాలు హెడ్మాస్టరుకిచ్చి వచ్చేస్తే పని అయినట్టు రుజువు ఉండదు. డిఫెక్ట్ లయబిలిటీ గడువు (లోపాలను కాంట్రాక్టరే సరిచేయాల్సిన కాలం) మిగిలి ఉంటే ప్రత్యర్థి లాయరు దాన్నీ లేవనెత్తుతాడు. లోపాల జాబితా ఏదైనా పెండింగ్‌లో ఉంటే ముందే సరిచేసి, సరిచేసినట్టు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) చేత రాయించుకోవాలి.

గ్రామీణ రోడ్డే అసలు చిక్కు. పీఎంజీఎస్‌వై (ప్రధానమంత్రి గ్రామీణ సడక్ యోజన) రోడ్లకు ఐదేళ్ల నిర్వహణ అదే ఒప్పందంలో భాగం, దానికి విడిగా డబ్బు కూడా చెల్లిస్తారు. గుంతలు పూడ్చడం, బెర్ములు (రోడ్డు పక్క మట్టి అంచులు) సరిచేయడం, సైడు కాలువల్లో పూడిక తీయడం ఇంకా చేయాల్సి ఉండగా పని ‘పూర్తిగా’ అయిందనడం కష్టం. తారు వేసి మూడేళ్లైంది కదా అని దీన్ని జాబితాలోంచి తీసేయొద్దు.

చెరువు కట్ట: పూర్తి చేయాలి, లేదా రద్దు చేయించుకోవాలి. ‘నేను తప్పుకుంటున్నాను’ అని ఉత్తరం పెట్టి రసీదు తెచ్చుకుంటే ఒప్పందం ముగిసినట్టు కాదు. ఒప్పుకుంటున్నట్టు అధికారం ఉన్న అధికారి ఉత్తర్వు రావాలి. ఒప్పందంలోని 60సి నిబంధన కింద పనిలో కొంత భాగం తీసేసి వేరేవాళ్లకు ఇచ్చినా, మిగతా భాగానికి పాత ఒప్పందం బతికే ఉంటుంది. ఒప్పందం రద్దయితే డిపాజిట్లు పోవచ్చు, తర్వాత టెండర్లకూ ఇబ్బంది రావచ్చు. అందుకే నీళ్లు దిగే కాలం చూసుకుని కట్ట పని ముగించి కొలతలు రాయించడమే నా సలహా.

గట్టుగాలి:
ధన్యవాదాలండి. ఏ తేదీ నాటికి ఇవన్నీ తేలాలి? ఇప్పుడు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టి పనులన్నీ అందులోకి మార్చేస్తే?

నిబంధన9ఎ:
నామినేషన్ల పరిశీలన రోజు. నోటిఫికేషన్ వచ్చిన ఏడో రోజు నామినేషన్లకు ఆఖరు, మర్నాడు పరిశీలన, మధ్యలో సెలవు పడితే ఒకటి రెండు రోజులు అటూ ఇటూ. అంటే షెడ్యూలు వచ్చాక మొదలుపెడితే ఇంజినీరింగ్ ఆఫీసులో ఒక్క ఫైలు కూడా ఆ వేగంతో కదలదు.

కంపెనీ మంచి ఆలోచనే. చట్టం దృష్టిలో కంపెనీ వేరే వ్యక్తి కాబట్టి దాని ఒప్పందం డైరెక్టరు ఒప్పందం కాదు. కానీ అది రేపటి పనులకే. పాత అగ్రిమెంట్లు వాటంతటవి కంపెనీకి మారవు. శాఖ ఒప్పుకుని రాతపూర్వకంగా మార్చాలి. కంపెనీకి కాంట్రాక్టర్ రిజిస్ట్రేషన్ కూడా కొత్తగా కావాలి.

రిటర్నింగ్ అధికారి నామినేషన్ ఆమోదించారంటే గండం గడిచినట్టు కాదు. ఫలితం వచ్చిన 45 రోజుల్లో హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయొచ్చు. 1967లో అప్పటి మైసూరు రాష్ట్రంలోని యాద్గిర్‌లో ఇలాగే అయింది. గెలిచిన విశ్వనాథరెడ్డికి ప్రభుత్వ కాంట్రాక్టులు అమల్లో ఉన్నాయని తేల్చి, బరిలో ఉన్నది ఇద్దరే కాబట్టి ఓడిన కోనప్ప రుద్రప్ప నాడగౌడను సుప్రీంకోర్టు గెలిచినట్టు ప్రకటించింది. గెలిచాక కొత్త పని తీసుకున్నా ప్రమాదమే. రోడ్డు కాంట్రాక్టుల కారణంగా ఉత్తరప్రదేశ్‌లో రస్రా, ఫరెందా ఎమ్మెల్యేలిద్దరిని 2015 జనవరిలో గవర్నర్ అనర్హులుగా ప్రకటించారు.

ఎంబుక్:
ఇంకొక్కటి. నామినేషన్ పత్రంతో పాటు ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో ప్రభుత్వ కాంట్రాక్టుల గడి ఉంటుంది. అందులో ఆయనవే కాదు, భార్యవి, ఆధారపడినవారివి, భాగస్వామ్య ఫర్ములవి, వాటాలున్న ప్రైవేటు కంపెనీలవి కూడా రాయాలి. భార్య ఫర్మ్ అనర్హత తేకపోయినా అక్కడ చూపించకుండా దాస్తే సెక్షన్ 125ఎ కింద ఆరు నెలల వరకు జైలు పడొచ్చు. గడి ఖాళీగా వదలొద్దు, కాంట్రాక్టులేవీ లేనప్పుడు ‘లేదు’ అని రాయాలి.

సర్పంచి, జెడ్పీటీసీ పదవులకు 9ఎ వర్తించదు. వాటికి పంచాయతీరాజ్ చట్టంలో వేరే అనర్హతలున్నాయి, వాటిని విడిగా చూసుకోవాలి.