నూనెలో ఉప్పు కరగదు కదా, మరి అయాన్ కణం పొరను ఎలా దాటుతుంది?

గుంటూరు అమ్మాయి:
నమస్కారం అండీ. గుంటూరులో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో ఏడాది చదువుతున్నాను. సోమవారం సెమినార్, లిపిడ్ పొరల (కణం చుట్టూ ఉండే కొవ్వు పొరల) గుండా అయాన్ల రవాణా గురించి. ఒకచోట ఆగిపోయాను. మొన్న అమ్మ ఆవకాయ కలుపుతుంటే పక్క గిన్నెలోని నూనెలో ఉప్పు రవ్వలు నాలుగు పడ్డాయి. సాయంత్రం చూసినా అడుగున అలాగే ఉన్నాయి. పొర లోపలి భాగమూ నూనెలాంటిదే. అక్కడి నుంచి పొటాషియం అయాన్‌ని బలహీనమైన ఆకర్షణలు ఎలా దాటిస్తాయి? గట్టి బంధం ఉండాలి కదా? చాలా టెన్షన్‌గా ఉంది.

తెనాలి ఫార్మసీ:
ఛానెల్ ప్రోటీన్లలోంచి, అంటే పొరలో దారిలా నిలబడే ప్రోటీన్లలోంచి, వెళ్తాయని రాస్తే చాలండి. మేం పరీక్షలో అంతే రాశాం.

బెజవాడ మేడమ్ (రిటైర్డ్ లెక్చరర్):
బాబూ, అది తప్పు కాదు గానీ ఈ అమ్మాయి అడిగింది ఛానెల్ పేరు కాదు, లోపల జరిగే పని.

అమ్మా, నీళ్లలో పొటాషియం అయాన్ ఒంటరిగా ఉండదు. నీటి అణువులు తమ ఆక్సిజన్‌ను దాని వైపు తిప్పి చుట్టూ చేరతాయి. ఆ నీళ్లన్నీ ఊడదీయాలంటే మోల్‌కు 300 కిలోజౌళ్లకు పైనే కావాలి. కార్బన్-కార్బన్ బంధం తెంచడానికి అయ్యేది దాదాపు 350. చూశావా, ఒక్కో పట్టు చిన్నదే, కలిస్తే ఎంతయిందో! నూనెలోకి పోతే ఆ పట్టంతా పోతుంది. అందుకే నీ ఉప్పు రవ్వ కరగలేదు.

ఇప్పుడు వాలినోమైసిన్ సంగతి, అంటే పొటాషియాన్ని మోసుకుని పొర దాటించే అణువు. పన్నెండు ముక్కల ఉంగరం అది. లోపలి వైపు ఆరు కార్బొనిల్ ఆక్సిజన్లు (కార్బన్‌తో జంట బంధంలో ఉన్నవి), బయట నూనెకు నచ్చే గుంపులు. పొటాషియం ఒక్కో నీటి అణువును వదులుతుంటే ఆ చోటులోకి ఒక్కో ఆక్సిజన్ వస్తుంది. మొత్తం ఖర్చు ఒకేసారి మీద పడదు. సోడియం ఇంకా చిన్నది, ఉంగరం అంతగా ముడుచుకుని దాన్ని ఆనలేదు. అందుకే పొటాషియాన్ని సుమారు 10,000 రెట్లు ఎక్కువ ఇష్టపడుతుంది. 1998లో మెకిన్నన్ బృందం చూపించిన పొటాషియం ఛానెల్ ఇరుకు దారిలోనూ వరుసగా కార్బొనిల్ ఆక్సిజన్లే. ఉపాయం ఒకటే.

ఇక గట్టి బంధం ఎందుకు కాదంటావా? మాదిపాడు దగ్గర కృష్ణ మీద బల్లకట్టు చూశావా? లారీని తాళ్లతో బిగిస్తారు, అవతలి రేవులో విప్పేస్తారు. విప్పడం కుదరకపోతే లారీ దిగదు, బల్లకట్టు ఇంకో బరువెక్కించుకోదు. గట్టిగా పట్టుకున్న అణువు మంచి గ్రాహకమే, మంచి రవాణాదారు మాత్రం కాదు. సెమినార్‌లో ఈ ఒక్క మాట మీద నిలబడు.

నేను పిల్లలకు ఒకటి చూపించేదాన్ని. ఫ్యూమ్ హుడ్‌లో పరీక్షనాళికలో బెంజీన్ పోసి పొటాషియం పర్మాంగనేట్ రవ్వలు వేస్తే అడుగున నల్లగా పడి ఉంటాయి, పైన ద్రవం నీళ్లలా తెల్లగానే. చిటికెడు 18-క్రౌన్-6 (ఆరు ఆక్సిజన్లున్న ఉంగరం లాంటి అణువు) వేసి ఊపితే రవ్వల చుట్టూ ఊదా తీగలు లేచేవి. కాసేపటికి నాళికంతా నేరేడు రంగు. క్రౌన్ పొటాషియాన్ని ఒడిలో పెట్టుకుంటే పర్మాంగనేట్ వెంట రాక తప్పదు. ఆ రంగు నాకిప్పటికీ కళ్లలో ఉంది.

గుంటూరు అమ్మాయి:
మేడమ్, ఇప్పుడర్థమైంది! క్లోరైడ్ లాంటి రుణ అయాన్లకు కూడా ఇదేనా? అసలు ఒక అణువు బల్లకట్టులా మోస్తుందో, ఛానెల్‌లా వంతెనై నిలబడుతుందో ప్రయోగంలో ఎలా తేలుస్తారు?

బెజవాడ మేడమ్:
రుణ అయాన్లకు హైడ్రోజన్ బంధాలు, హాలోజన్ బంధాలు ఉన్నాయి. హాలోజన్ బంధమంటే ఇదీ: అయోడిన్‌కు బంధానికి ఎదురు కొసన కొంచెం ధన ఛాయ ఉంటుంది, క్లోరైడ్ అక్కడ ఆనుకుంటుంది. 2012లో జెనీవాలో మటీల్ బృందం ట్రైఫ్లోరోఅయోడోమీథేన్ అనే చిన్న వాయువు కూడా రుణ అయాన్లను పొర దాటిస్తుందని చూపింది. అంత చిన్న అణువు!

రెండోదానికి పొరను చల్లబరిచి గడ్డకట్టిస్తారు. వాలినోమైసిన్ కదలాలి కాబట్టి దాని పని దాదాపు ఆగిపోతుంది. గ్రామిసిడిన్ గొట్టంలా నిలబడే ఛానెల్, అందులోంచి అయాన్లు పోతూనే ఉంటాయి. ఈ ప్రయోగం 1971లో వచ్చింది. సెమినార్‌లో ఈ రెండింటి గ్రాఫులూ బోర్డు మీద పక్కపక్కనే గీయి.