వీఆర్ఓ పోయిండు, ధరణి పోయింది, మా ఎకరం ఇంకా రాలే

సాగర్ ఆయకట్టు:
మాది పాత నల్గొండ జిల్లా. నాయిన పేరు మీద 2 ఎకరాల 18 గుంటలు. 2017ల భూరికార్డుల ప్రక్షాళన అని ఊర్లకు వచ్చినప్పుడు పాత పాసుబుక్కు, పహాణీ (ఊరి భూముల లెక్క రాసే దస్త్రం) నకళ్లు అన్నీ సంచిల ఏసుకపోయి చూపెట్టిండు. కొత్త పాసుబుక్కుల మాత్రం 1 ఎకరం 18 గుంటలే పడ్డది. ఆయనకు చదువు రాదు, చూసుకోలే. 2018ల రైతుబంధు తొలి చెక్కు ఎకరానికి 4,000 లెక్కన 9,800 రావాల్సింది, 5,800 వచ్చింది. అప్పుడు తెలిసింది.

వీఆర్ఓ (ఊరి రెవెన్యూ ఆఫీసరు) "చేద్దాం పెద్దయ్యా" అనుకుంట రెండేళ్లు తిప్పిండు. 2020 సెప్టెంబర్ల వీఆర్ఓలనే తీసేసిండ్రు, అక్టోబర్ 29న భూరికార్డుల వెబ్‌సైట్ ధరణి వచ్చింది. తహసీల్దార్ సారు మంచోడే. కుర్చీ ఏపిచ్చి, స్క్రీన్ మా దిక్కు తిప్పి "చూడు పెద్దయ్యా, నా లాగిన్‌ల ఇది మార్చే ఆప్షనే లేదు" అన్నడు. నాయిన బయటికొచ్చి నన్ను ఒకటే అడిగిండు: "మరి ఆప్షన్ ఎవని దగ్గరుందిరా?"

నాకు జవాబు రాలే. నేను హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్త, అదింకా సిగ్గనిపిచ్చింది. ఇప్పుడు ధరణి బదులు వచ్చిన భూభారతిల దరఖాస్తు పెడుదామనుకుంటున్న. తెలిసినోళ్లు చెప్పండి, ఇప్పుడన్నా ఆప్షన్ ఎవరి దగ్గరుంది?

పాత దస్త్రం:
తమ్మీ, నేను పదకొండేండ్లు వీఆర్ఓగ చేసిన. 2022ల లాటరీ తీసి వేరే శాఖల ఏసిండ్రు. ఏ శాఖనో చెప్ప, నవ్వుతరు. మావోళ్లు తిన్నరు, కాదన. మీ నాయినను తిప్పినోని తరఫున నేను మాట్లాడ.

కానీ జరిగింది చెప్త. 1984ల ఎన్టీఆర్ పట్వారీలను తీసేసేదాంక దస్త్రం పట్వారీ ఇంట్లనే ఉండేది. మా కాలంల పహాణీ మా చేతికొచ్చింది. తప్పు రాసినోడు ఊర్లనే దొరికేటోడు, నలుగుర్ల నిలబెట్టి అడగొచ్చు. నన్ను బస్టాండ్ కాడ అట్ల ఒక ముసలమ్మ గల్లా పట్టింది, తప్పు నాదే, దిద్దిన. ధరణిల దిద్దే తాళం పోయి కలెక్టర్ చేతిల పడ్డది. దానికితోడు 2020 చట్టంతోని రెవెన్యూ కోర్టులు ఎత్తేసిండ్రు. ఏమన్న ఉంటే సివిల్ కోర్టుకు పోవాలె. ఎకరం కోసం ఎన్నేండ్లు వకీలు చుట్టూ తిరుగుతవ్?

మీ ఎకరం సంగతి. ఒక సర్వే నంబర్ల ఉన్న పట్టాలన్నీ కూడితే, సేత్వార్‌ల (పాత సర్వే మూల రిజిస్టర్) ఉన్న విస్తీర్ణం కంటే ఎక్కువ వస్తుండె. అసొంటి కాడ లెక్క కుదరాలంటే ఎవరిదో ఒకరిది కోయాలె. ఊర్ల లేనోనిదో, మీ నాయిన తీరు అడగనోనిదో కోసేటోళ్లు. మీ కాడ గదే అయ్యిందని అనను, కానీ ముందు సేత్వార్ నకలు తీసి చూడు.

మీసేవ కౌంటర్:
ధరణి కాలంల నా కాడికి రోజుకు పది మంది వచ్చేటోళ్లు. ఏది టీఎం 33ల (ధరణిల తప్పులు దిద్దే దరఖాస్తు) పెట్టాలె, ఏది ఇంకో దాంట్ల పెట్టాలె, ఆఫీసోళ్లకే తెల్వకపోయేది. తిరస్కరిస్తే మళ్ల ఫీజు, మళ్ల అప్లికేషన్. డిగ్రీ తప్పిన నన్ను పట్టుకొని అరవై ఏండ్ల రైతులు "సారూ, జెర మంచి దాంట్ల పెట్టుండ్రి" అని దండం పెట్టేటోళ్లు. పట్వారీకి పెట్టిన దండం గిట్లనే ఉండెనేమో.

కౌలు బిడ్డ:
అన్నా, మీ బాధ మీదే, కానీ ఒక మాట. మా అమ్మ మూడెకరాలు కౌలుకు పట్టి పత్తి పెడ్తది, ఖమ్మం దిక్కు. పాత పహాణీల అనుభవదారు (భూమి సాగుచేసేటోడు) అని ఒక గడి ఉండేది. అందుల మా తాత పేరు ఒకసారి పడ్డది, ఆ కాగితం ఇప్పటికీ పెట్టెల ఉన్నది. ధరణిల ఆ గడే లేదు. అది కంప్యూటర్ మర్చిపోయింది కాదు, కావాలనే తీసేసిండ్రు, బయటికి చెప్పి మరీ. రైతుబంధు ఉన్నన్ని రోజులు పట్టాదారుకే ఇచ్చిండ్రు, రైతుబీమా 5 లక్షలు పాసుబుక్కు ఉన్నోళ్లకే. పంట పెట్టింది అమ్మే, లెక్కల మాత్రం ఆమె రైతు కాదు. మీకైతే ఎకరన్న కనబడ్తున్నది.

సాగర్ ఆయకట్టు:
చెల్లె, నిజమే. మా చెల్క కూడ కౌలుకే ఇచ్చినం, కౌలుకు పట్టినాయన పేరు ఎక్కడా రాయలే. ఇది నేను అనుకోలే ఇన్నాళ్లు.

అన్నా, సేత్వార్‌కు సోమవారం పోత. భూభారతిల మరి?

పాత దస్త్రం:
2025 ఏప్రిల్ 14న అమలుకొచ్చింది. అప్పీలు దారి మళ్ల తెచ్చిండ్రు, అది పెద్ద మార్పే. కానీ నోటితోని "కాదు" అంటే లేచి రాకు. కాదన్నా సరే కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇయ్యమను. అప్పీలు చేసేది ఆ కాగితం మీదనే. స్క్రీన్ తిప్పి చూపెడితే ఫోటో తీసుకో, కానీ కాగితం లేంది ఇంటికి రాకు. నాయినను కూడ తీస్కపో, ఆయన సంచి మర్చిపోవద్దు.