నాలుగో దిశలో గోడ దాటడం ఆటగాడికి ఎలా అర్థమవుతుంది?

ప్రశ్న: 4డి పజిల్ గేమ్ (పొడవు, వెడల్పు, ఎత్తులకు తోడు నాలుగో దిశ కూడా ఉండేది) ఒకటి సొంతంగా చేస్తున్నాను. ఆటగాడికి ఒకసారికి కనిపించేది 3డి ముక్క మాత్రమే. బటన్ నొక్కితే ఆ ముక్క నాలుగో దిశలోకి తిరుగుతుంది. మొదటి గదిలో అడ్డంగా గోడ ఉంది, ఆ దిశలో పక్కకు జరిగి దాటాలి. ఆడి చూసిన మా తమ్ముడేమో "గోడ మాయమైంది, బగ్ అన్నయ్యా" అన్నాడు. గోడ అక్కడే ఉందని ఎలా తెలియజేయాలి?

జవాబు 1: మీ గేమ్‌లో ముక్క టక్కున మారిపోతోందా? నెమ్మదిగా తిప్పండి. 2017లో వచ్చిన 4డి టాయ్స్ అనే యాప్‌లో నాలుగో దిశలో జరుగుతుంటే, హైపర్‌స్ఫియర్ (4డి గోళం) చుక్కంత బంతిగా మొదలై, ఉబ్బి, మళ్లీ చిక్కిపోయి కనుమరుగవుతుంది. నాకు విషయం తలకెక్కింది అక్కడే. ఆ మధ్య దశలే పాఠం.

జవాబు 2: ముందు 2డి గది పెట్టండి. కాగితం మీద గీతను పైకి లేచి దాటడం ఎవరికైనా తెలుస్తుంది. ఇంకోటి, 3డిలో తిప్పడానికి 3 తలాలుంటే (రెండేసి దిశలు కలిస్తే ఒక తలం) 4డిలో 6 ఉంటాయి. అన్నీ ఒకేసారి ఇవ్వకండి, మొదట ఒక్కటి చాలు.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్స్ అండీ. అవును, నాది టక్కునే మారుతోంది. రెండు సెకన్లు పట్టేలా మార్చి, ముక్కకు బయట మిగిలిన గోడను నీడలా ఉంచి చూస్తాను. రాత్రికి తమ్ముడితో మళ్లీ ఆడిస్తా.