కనుమ భోజనానికి వీగన్ అతిథులు: నెయ్యి, పెరుగు లేకుండా విస్తరి ఎలా నింపాలి?

అడిగినవారు: అంబాజీపేట కోడలు

అందరికీ నమస్కారమండీ. మా ఆడపడుచు కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. ఈసారి జగ్గన్నతోట ప్రభల తీర్థం చూపిస్తానని తోటివాళ్లని నలుగుర్ని వెంటబెట్టుకొస్తున్నాడు. కనుమ మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. వాళ్లలో ఇద్దరు వీగన్లట. మాంసం, చేప, గుడ్డు సరే, పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా ముట్టరట. ఒకమ్మాయి శాకాహారి, పాలూ పెరుగూ తింటుంది గానీ ఉల్లి, వెల్లుల్లి తినదు. నాలుగోవాడు అన్నీ తింటాడు, వాడితో బాధ లేదు.

కనుమ నాడు మా ఇంట్లో నాటుకోడి, గారెలు తప్పవు. మానేద్దామంటే అత్తయ్యగారు ఒప్పుకోరు. మొత్తం 15 మంది దాకా తేలతాం. ఉన్నది ఒక్క వంటిల్లు, పెరట్లో కట్టెల పొయ్యి. నెయ్యి లేకుండా పప్పన్నం ఎలా పెట్టాలో నాకు పాలుపోవట్లేదు. రాజమండ్రి నుంచి టోఫు, పుట్టగొడుగులు తెప్పిద్దామా అని మావారు అంటున్నారు. ఏం వండమంటారు?

పాలకొల్లు పిన్ని

టోఫు ఎందుకమ్మాయ్, కోనసీమలో కూర్చుని? వాళ్లు అంత దూరం నుంచి వచ్చేది మన తిండి తినడానికి. నువ్వు రోజూ వండేవే ఒకసారి లెక్క చూసుకో. పులిహోర, కంద బచ్చలి, గుత్తివంకాయ, చిక్కుడుకాయ వేపుడు, ముక్కల పులుసు, కొబ్బరి పచ్చడి, గుమ్మడి వడియాలు, గారెలు. వీటిలో పాలచుక్క ఎక్కడుంది? కొత్తగా ఏదీ నేర్చుకోనక్కర్లేదు. అలవాటు కొద్దీ చెయ్యి నెయ్యి గిన్నె మీదికి పోకుండా చూసుకుంటే చాలు.

వీటిలో ఉల్లి, వెల్లుల్లి కూడా అక్కర్లేదు కాబట్టి ఆ అమ్మాయికి వేరే వంట అనే గొడవే లేదు. శాకాహారం మొత్తం ఒక్క తీరుగా వండెయ్. వంకాయలో కూరేది కూడా నువ్వులు, కొబ్బరి, ధనియాలు, ఎండుమిర్చితో చెయ్యి, ఉల్లి లేని లోటు తెలియదు.

పులిహోర చింతపండుతో వద్దు, పెద్ద పండక్కి దబ్బకాయ దొరుకుతుంది, దాంతో కలుపు. అన్నం బేసిన్లో ఆరబోసి, పసుపు, పోపు కలిపి, బాగా చల్లారాక రసం పిండు. వేడిమీద పిండితే చేదెక్కుతుంది. ముక్కల పులుసులోకి తీపి గుమ్మడి, సొరకాయ, ములక్కాడ, చిలగడదుంప వేసి, చిక్కదనానికి బియ్యప్పిండి నీళ్లలో కలిపి పొయ్యి.

కంద బచ్చలి మాత్రం తప్పకుండా చెయ్యి. మీ 15 మందికి కిలో కంద, మూడు కట్టల బచ్చలి సరిపోతాయి. చేతికి నూనె రాసుకుని కంద తరుగు, దురద ఉండదు. ముక్కలూ ఆకూ పసుపు వేసి మెత్తగా ఉడికాక చింతపండు గుజ్జు పోసి దగ్గర పడనివ్వాలి. శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపు నూనెతోనే. దింపి కాస్త చల్లారాక, ఆవాలు, ఎండుమిర్చి, ఉప్పు నూరిన ముద్ద కలపాలి. పొయ్యి మీద ఉండగా ఆవ పెడితే చేదొస్తుంది, ఆ ఘాటూ పోతుంది. లేత పనసకాయ అప్పటికే సంతలోకి వస్తే పొట్టు కొట్టించి దానికీ ఇలాగే ఆవ పెట్టొచ్చు. అది తిన్నవాడు కోడికూర వైపు చూడడు, ఇది మాత్రం మీ అత్తగారితో అనకు.

రావులపాలెం వంట మేస్త్రి

వంటల సంగతి పిన్నిగారు చెప్పేశారు. నేను పొయ్యి సంగతి చెబుతానండి. పెళ్లిళ్లలో మాకు ఎక్కువ మాట వచ్చేది వంట దగ్గర కాదు, గరిటెల దగ్గరే.

కోడి పెరట్లో కట్టెల పొయ్యి మీద పెట్టించండి. నాటుకోడికి అదే రుచి కాబట్టి అత్తగారూ కాదనరు. కోయడం, కడగడం, మసాలా నూరడం అన్నీ అక్కడే. వంటిల్లు పూర్తిగా శాకాహారానికి వదిలేయండి. చేపలు వేయించే ముకుడు ఎంత తోమినా నీచు పట్టే ఉంటుంది, దాన్ని ఆ రోజు వంటింట్లోకి రానివ్వకండి. చెక్క తెడ్డు, రోలు, చట్నీ జార్ల మీద కూడా ఒక కన్నేయండి. ఎండురొయ్యల పొడి కొట్టిన జార్లో కొబ్బరి పచ్చడి నూరితే ఆ శాకాహారి అమ్మాయికి మొదటి ముద్దలోనే తెలిసిపోతుంది.

నూనె కొత్త ప్యాకెట్టు విప్పండి. ముందు బూరెలు, తర్వాత గారెలు, ఆ తర్వాత వడియాలు, అప్పడాలు. చల్లమిరపకాయలు అన్నిటికన్నా ఆఖర్న, అవి వేయించాక ఆ నూనెలో ఇంకేమీ వేయకూడదు. ఎందుకంటే అవి మజ్జిగలో ఊరబెట్టి ఎండబెట్టినవి. అది ఎవరికీ గుర్తుండదు. వీగన్ పిల్లలకి వాటి బదులు ఉప్పు, వాము కూరి ఎండబెట్టిన మిరపకాయలుంటే వడ్డించండి.

బియ్యం తెల్లన్నానికి కిలోన్నర, పులిహోరకి ముప్పావు కిలో చాలు. గారెలు లెక్కపెట్టుకోకండి, ఎన్ని వేసినా అయిపోతాయి.

బెంగళూరులో మండపేట మనిషి

నేనూ వీగన్నే. ఊరొస్తే మా అమ్మకీ నాకూ ఈ పంచాయతీ ఉండేది, ఇప్పుడు సర్దుకుంది. మేస్త్రిగారు చల్లమిరపకాయల సంగతి పట్టుకున్నందుకు దండం పెట్టాలి. అలాంటివే ఇంకొన్ని ఉన్నాయి.

పండక్కి ముందే చేసిపెట్టిన పిండివంటలు చూసుకోండి. అరిసెల పాకంలో కొందరు నెయ్యి వేస్తారు, కొందరు నేతిలోనే వండుతారు. సున్నుండలు నెయ్యి లేకుండా కట్టవు. ఆత్రేయపురం పూతరేకుల్లో రేకు బియ్యప్పిండిదే అయినా చుట్టేటప్పుడు నెయ్యి పూస్తారు. కాజా నేతిదో నూనెదో కొట్లో అడిగి కొనండి. పోపు నేతిలో పెట్టే అలవాటు ఎవరికైనా ఉంటే ఆ రోజు ఆ మనిషికి పోపు అప్పజెప్పకండి.

ప్యాకెట్ మీద పచ్చచుక్క ఉంటే మాకు పనికొస్తుందని చాలామంది అనుకుంటారు. పచ్చచుక్క శాకాహారానికి గుర్తు, పాలపొడి ఉన్నా, తేనె ఉన్నా ఆ చుక్క ఉంటుంది. వీగన్ ఆహారానికి 2022లో వేరే నియమాలు, వేరే గుర్తు వచ్చాయి. ఆకుతో ఉన్న పచ్చరంగు ఇంగ్లీషు V అక్షరం అది. మన వైపు కొట్లలో ఆ గుర్తున్న సరుకు తక్కువ కాబట్టి వెనక ముద్రించిన దినుసుల పట్టీ చదవడమే దారి. బిస్కెట్లు, రొట్టెల్లో పాలు తరచూ ఉంటాయి.

భీమవరం బాబాయి

ఇదంతా అవసరమా? పప్పులో చెంచాడు నెయ్యి పడితే వాళ్లకేం తెలుస్తుంది? మనం పెడితే ప్రేమతో తింటారు గానీ.

బెంగళూరులో మండపేట మనిషి

బాబాయిగారూ, తెలియకపోవచ్చు. అలాగని మీ ఇంట్లో కార్తీక సోమవారం ఉపవాసం ఉన్నవాళ్లకి చెప్పకుండా పులుసులో రొయ్యపొడి వేస్తారా? ఇదీ అంతే. చెప్పి పెట్టండి, తినాలో మానాలో వాళ్లే చూసుకుంటారు. పొరపాటున ఏదైనా దాన్లో నెయ్యి పడితే ఆ గిన్నె వాళ్ల వరసకి రాకుండా ఆపేస్తే సరిపోతుంది, పెద్ద విషయమేం కాదు.

అంబాజీపేట కోడలు

అందరికీ చాలా థాంక్సండీ, సగం బరువు దిగింది. మూడు చెప్పండి. పప్పన్నంలోకి నెయ్యి బదులు ఏం వేయాలి? తీపి ఏం చేయాలి? ఆఖర్న పెరుగన్నం లేకుండా చెయ్యి కడుక్కోమని ఎలా అనాలి? ఆ మూడోదే నాకు మనసుకి పట్టట్లేదు.

పాలకొల్లు పిన్ని

ముద్దపప్పులోకి పప్పునూనె, అదే నువ్వులనూనె. గానుగలో పట్టించింది అయితే మరీ మంచిది. మా అమ్మమ్మ వాళ్లు కందిపొడిలో నెయ్యి వేసుకునేవారే కాదు, నువ్వులనూనే వేసుకునేవారు. ఆవకాయ వెల్లుల్లి లేనిది వేరే జాడీలోంచి తియ్యి, లేకపోతే మాగాయ పెట్టు, ఆ అమ్మాయి కూడా తింటుంది.

తీపికి పూర్ణం బూరెలు చెయ్యి. గ్లాసు శనగపప్పుకి గ్లాసు బెల్లం. పప్పు నలిగేలా ఉడకాలి గానీ చిదిమిపోకూడదు. నీళ్లు మొత్తం వార్చెయ్, ఆ కట్టుతో చారు పెట్టుకోవచ్చు. పూర్ణం ముద్ద కట్టడానికి నెయ్యి వేస్తారు, నిజానికి అక్కర్లేదు, తడి లేకుండా దగ్గరపడేదాకా కలిపితే దానంతటదే ఉండవుతుంది. చివర్లో ఏలకుల పొడి, కాస్త కొబ్బరి కోరు. పైపిండికి మినప్పప్పు ఒక వంతు, బియ్యం రెండు వంతులు నాలుగు గంటలు నానబెట్టి గారెల పిండికన్నా జారుగా, దోసెల పిండికన్నా గట్టిగా రుబ్బు. పులవనివ్వకు. పూర్ణం తడిగా ఉన్నా, పైపిండి పల్చగా పట్టినా బూరె పగిలి నూనెంతా పాడవుతుంది. మిగతావాళ్లు బూరెకి చిల్లుపెట్టి నెయ్యి పోసుకుంటారు, వీళ్లకి చిక్కటి కొబ్బరిపాలు పొయ్యి.

పాలతాలికలు కూడా చెయ్యొచ్చు. ఒక కొబ్బరికాయ కోరి వేడినీళ్లతో తిప్పి పిండితే మొదటిపాలు, మళ్లీ నీళ్లు పోసి పిండితే రెండోపాలు. తాలికలు, సగ్గుబియ్యం రెండోపాలల్లో ఉడికించి, కరిగించి వడకట్టిన బెల్లం కలిపి దింపాక మొదటిపాలు పొయ్యి. వాటిని మరిగిస్తే విరుగుతాయి.

బెంగళూరులో మండపేట మనిషి

పెరుగుకి వేరుశనగ పాలు. కప్పు గుళ్లు రాత్రి నానబెట్టి, పొట్టు నలిపి తీసేసి, మూడు కప్పుల నీళ్లతో మెత్తగా రుబ్బి గుడ్డలో పిండండి. కలుపుతూ పది నిమిషాలు మరిగించి, గోరువెచ్చగా అయ్యాక కడిగిన పచ్చిమిరపకాయ తొడిమలు ఏడెనిమిది వేసి వెచ్చటి చోట ఉంచండి. అదే తోడు. మొదటిసారి పల్చగా తోడుకుంటుంది, దాంతో రెండోసారి తోడుపెడితే గట్టిపడుతుంది. పెద్ద పండక్కి చలి ఉంటుంది కాబట్టి భోగికి రెండు రోజుల ముందే మొదలుపెట్టండి. వేరుశనగ వాసన కొంచెం ఉంటుంది, అల్లం, కరివేపాకు, ఆవాలు పోపు పెట్టి దధ్యోజనంలా కలిపేస్తే సరి.

అంత ఓపిక లేకపోతే పిన్నిగారు చెప్పిన కొబ్బరి రెండోపాలల్లో నిమ్మరసం, ఉప్పు, అల్లం, పచ్చిమిర్చి వేసి గ్లాసుల్లో మజ్జిగలా ఇవ్వండి. నాకైతే ఇదే ఎక్కువ ఇష్టం.

రావులపాలెం వంట మేస్త్రి

వడ్డన సంగతి ఒకటి మిగిలింది. విస్తరి వేయగానే నెయ్యి చుక్క అభికరించే అలవాటు పెద్దవాళ్లకి ఉంటుంది, చెప్పేలోపే పడిపోతుంది. ఆ ఇద్దర్నీ వరస చివర్న కూర్చోబెట్టి, వాళ్లకి వడ్డించే పని మీ మేనల్లుడికే అప్పజెప్పండి. పప్పు, కూరలు ముందు వాళ్లకే పోయండి. నెయ్యి అంటిన గరిటె మళ్లీ పప్పు గిన్నెలోకి వెళ్లేది తర్వాతే కదా.

అంబాజీపేట కోడలు

సరేనండీ, అలాగే చేస్తాను. మరి పొద్దున్న టిఫినుకి? పొట్టిక్కలు పెడదామనుకుంటున్నాను.

పాలకొల్లు పిన్ని

బంగారంలాంటి మాట. మినప్పప్పు, ఇడ్లీ రవ్వ, పనసాకు, అంతే కదా. ఆకులు ముందు రోజు సాయంత్రమే కోసి ఈనెపుల్లలతో బుట్టలు కుట్టి తడిగుడ్డలో చుట్టిపెట్టు. కొబ్బరి పచ్చడిలో పెరుగు కలిపే అలవాటుంటే ఆ పూట మానెయ్. కాఫీ బదులు శొంఠి, బెల్లం, మిరియాలు మరిగించి ఇవ్వు. తీర్థంలో తిరిగొచ్చేసరికి బొండాలు కొట్టించి ఉంచు.