కూనకి చెవి దగ్గర బొచ్చు ఊడుతోంది, పాప చేతికీ మచ్చ వచ్చింది

పర్లాకిమిడి కోడలు:
వానలకి మా మెట్ల కింద దూరిన పిల్లికూన ఇది. రెండు నెలలుంటాయేమో. ఎడమ చెవి మొదట్లో శనగబద్దంత మేర బొచ్చు ఊడితే పట్టించుకోలేదు. ఇప్పుడు రూపాయి బిళ్లంత అయింది, ముందు కాలి మీద ఇంకొకటి. అక్కడ బూడిద చల్లినట్టు పొట్టు రాలుతోంది. పెద్దగా గోక్కోదు. చేప తింటుంది, కర్టెన్లు ఎక్కుతుంది. మా అత్తగారు కిరసనాయిలు రాయమంటున్నారు. నేను నీళ్లలో వేస్తే తెల్లబడే యాంటీసెప్టిక్‌తో ఒకసారి తుడిచాను. ఎత్తుకుని తిరిగే మా పాప మణికట్టు మీద నిన్న ఎర్రటి గుండ్రం తేలింది. టెన్షన్‌గా ఉంది. ఒకచోట చూపిద్దామని తీసుకెళ్తే "పిల్లికా?" అని నవ్వి పంపేశారు.

గుణుపురం టైలరు:
అమ్మా, ముందు ఆ కిరసనాయిలు అటకెక్కించండి. పిల్లి ఒళ్లు నాక్కుంటుంది, రాసినదంతా కడుపులోకే. ఆ తెల్లటి లోషనూ వద్దు, అందులోని ఫినాల్ రకం మందుల్ని పిల్లి కాలేయం తట్టుకోలేదు.

మీరు చెప్పేది తామరలాగే ఉంది. నా కొట్లో మూడు కూనలకి వచ్చింది. బరంపురం తీసుకెళ్తే చీకటి గదిలో ఊదారంగు దీపం పెట్టి చూశారు. ఒకదాని చెవి వెంట్రుకలు పచ్చగా మెరిశాయి, మిగతా రెండూ మెరవలేదు. మెరవనంత మాత్రాన తామర కాదనలేమని వెంట్రుకలు పీకి పరీక్షకి పంపారు. తామర తెచ్చే బూజుకి మైకోనజోల్ అనే మందు ఉన్న షాంపూ, బరువు చూసి ఇట్రాకొనజోల్ సిరప్ రాశారు.

మూడో వారానికి బొచ్చు మొలిచింది కదా అని మందు ఆపేశాను. అదే నా తెలివితక్కువ. నెల తిరక్కుండా మళ్లీ మొదలు. అవి పడుకునేది కటింగ్ ముక్కల బుట్టలో. రాలిన వెంట్రుకల్లో ఆ బూజు ఏడాదికి పైగా బతుకుతుందట. బుట్ట కాల్చేశాను, కొట్టు రోజూ తుడిచాను, అప్పుడు వదిలింది. డాక్టరు ఆపమనేదాకా ఆపకండి.

సిరోంచ నుంచి:
తామరే అని ఖాయం చేసుకునే ముందు సన్న పళ్ల దువ్వెనతో దువ్వి, రాలింది తడి తెల్లగుడ్డ మీద వేసి చూడండి. నల్ల నలుసులు ఎర్రగా కరిగితే ఒంటి మీద రక్తం తాగే పురుగులున్నట్టే. చిగుళ్లు పాలిపోయి ఉంటే ఆలస్యం చేయొద్దు, చిన్న కూనల ప్రాణానికే ముప్పు. కుక్కల పురుగుమందు మాత్రం రాయొద్దు. పెర్మెత్రిన్ ఉంటే పిల్లికి విషమే.

బొబ్బిలి అక్క:
పాపకి మందుల షాపులో అడిగి మూడు నాలుగు మందులు కలిపిన క్రీమ్ తేవద్దమ్మా. వాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. దురద తగ్గి, మచ్చ లోలోపల పాకుతుంది. మా వాడికి అలాగే అయింది. చర్మం డాక్టరుకి చూపించి, ఇంట్లో పిల్లి ఉందని చెప్పండి.

పర్లాకిమిడి కోడలు:
దువ్వాను, నలుసులు లేవు. ఆదివారం బరంపురం బయల్దేరుతున్నాం. కూనని ఖాళీ గదిలో పెట్టాను, పాప తలుపు దగ్గరే కూర్చుని కబుర్లు చెబుతోంది. అత్తగారు కిరసనాయిలు సీసా ఇంకా కిటికీలోనే ఉంచారు.